పక్కకు జరిగిన రాయి

ఏం పని చేస్తుంటారని ఎవరైనా అడిగితే "బోరు కొడతానండి" అంటాను. నాతో పది నిమిషాలు మాట్లాడినవాళ్ళు ఆ మాట వెంటనే నమ్ముతారు. నేను కొట్టేది నిలువు బోరు కాదు, అడ్డ బోరు. రోడ్డు తవ్వకుండా నేల కిందనుంచే కన్నం పొడుచుకుంటూ పోయి, అందులోంచి ఇంటర్నెట్ కేబులు లాగే పని. మా వంశంలో భూమిపూజ చేయించినవాళ్ళున్నారు కానీ భూమిని పొడిచినవాళ్ళు లేరు. మా నాన్నగారు పురోహితులు. పైవాడితో మాట్లాడటం ఆయన వృత్తి, కిందవాటితో మాట్లాడటం నాది. ఆయనకు జవాబు రాకపోయినా ప్రమాదం లేదు. నాకు జవాబు వస్తేనే ప్రమాదం.

బ్రాడీపేటలో మేముండే వీధిలో నడుస్తుంటే నాకు కోచింగ్ సెంటర్ల బోర్డులూ క్లినిక్కులూ సరిగా కనిపించవు. వాటి కింద నీళ్ళ పైపు, మురుగు పైపు, కరెంటు కేబులు పెళ్ళివారి విడిదిలో చుట్టాల్లా ఒకదాని మీద ఒకటి కాళ్ళు వేసుకుని పడుకున్నట్టు కనిపిస్తాయి. నీళ్ళ పైపు పగిలితే జనం తిడతారు. కేబులు తెగితే కొట్టడానికి వస్తారు. గ్యాసు పైపు పగిలితే తిట్టడానికి కూడా ఎవరూ మిగలరేమోనని నా భయం. ఈ భయాన్ని మా ఆవిడ నలుగురిలో జాగ్రత్త అంటుంది. ఇంట్లో దాని అసలు పేరే పెట్టి పిలుస్తుంది.

మొన్న మిరప కల్లాల కాలంలో పొదిలి వెళ్ళే రోడ్డు అంచున మాకు పని పడింది. రోడ్డు పక్క ఖాళీ జాగా అంతా రైతులు పరదాలు పరిచి కాయలు ఎండబోసుకున్నారు. దూరంనుంచి చూస్తే రోడ్డుకు ఎర్రంచు కుట్టినట్టుంది. ఆ అంచు కిందనుంచే మా కేబులు పోవాలి. ఒక పొడవాటి కల్లానికి అవతలి చివర పసుపు రంగు రాయి ఒకటి నిలబడి ఉంది. దాని మీద తవ్వరాదని ఎర్రక్షరాలు, వాటి కింద ఫోను నంబరు. పెద్ద గ్యాసు పైపులైను అక్కడ రోడ్డును అడ్డంగా దాటుతోందని ఆ రాయికి అర్థం.

ఆ నంబరుకు ఫోను చేశాను. అటువంటి చోట గ్యాసు వాళ్ళ మనిషి పరికరంతో వచ్చి, పైపు ఎక్కడ ఎంత లోతులో ఉందో చూసి నేల మీద గీత గీస్తాడు. ఆ గీత మీద మేం మిషను పెట్టకుండా పారలతో, చేత్తో గుంట తీసి, పైపును కళ్ళారా చూసుకుంటాం. దాని కిందనుంచి ఎంత ఎడంగా పోవాలో అప్పుడు తేల్చుకుంటాం. ఆయన ఒంగోలునుంచి రావాలి.

"మధ్యాహ్నానికి వస్తానండి. ఈలోపు మీరు మొదలుపెట్టుకోండి. రాయికి ఇరవై మీటర్ల ఇవతల ఆపెయ్యండి. అక్కణ్ణించి నేను లేకుండా అంగుళం కూడా పోవద్దు," అన్నాడు.

"ముప్పై మీటర్ల ఇవతలే ఆపుతానండి," అన్నాను. బేరంలో తనకే నష్టం వచ్చేలా మాట్లాడేవాణ్ణి ఈ రెండు జిల్లాల్లో నేనొక్కణ్ణే అయివుంటాను.

మా మిషను నడిపే అతనిది సింగరాయకొండ దగ్గర ఊరు. చైన్ల కింద నిమ్మకాయ నలగందే ఇంజను కదపడు. ఆ రోజు ఇంకో నిమ్మకాయ కూడా పెట్టమన్నాను.

"ఏంది సార్, బలవంతమైన భయంలాగుంది?" అని నవ్వాడు.

"భయానికే బలమయ్యా, నాకెక్కడిది?" అన్నాను.

అంతకుముందే నాకొక విషయం నచ్చలేదు. రోడ్డుకు అవతల తుమ్మపొదల్లో ఆ పసుపురాయికి జంట రాయి ఉంది. రెండింటినీ కళ్ళతో కలిపి చూస్తే గీత రోడ్డును సూటిగా దాటటం లేదు. బాగా ఏటవాలుగా పోతోంది.

"ఇది వంకరగా లేదూ?" అని మిషను అతన్ని అడిగాను.

"పైపన్నాక వంగదా సార్? మన రోడ్లు వంగట్లా? మీరు పెళ్ళిచూపుల్లో కూడా ఇట్టాగే చూశారా ఏంది?"

ఇట్టాగే చూశాననీ, ఆ వంకర చివరికి నాలోనే తేలిందనీ అతనికి చెప్పలేదు. రాయి రాయే కదా అని సర్దిచెప్పుకున్నాను. దాని అడుగున సిమెంటు దిమ్మ కూడా ఉంది. కొత్తగా రంగు వేసి ఉంది. అంత బుద్ధిమంతురాలైన రాయిని ఆ దారిలో నేను చూడలేదు.

పని మొదలైంది. మిషను ఒకచోట నిలబడి ఇనుప రాడ్డు వెనక రాడ్డు తగిలిస్తూ నేలలోకి తోస్తుంటుంది. ముందున్న రాడ్డు మొనలో సంకేతం పంపే చిన్న పరికరం ఉంటుంది. దాన్ని పట్టే లొకేటరు చేత్తో పట్టుకుని నేను నేల పైన నడుస్తాను. కింద మొన నడిచినంత సేపూ పైన నా నడక. పైపు దగ్గర పడేదాకా మొనను మనిషి లోతులో ఉంచి, రాయి ముందర కిందికి దించాలని లెక్క. పెద్ద గ్యాసు పైపులు కూడా ఇంచుమించు ఆ లోతులోనే ఉంటాయి.

కల్లంలోకి అడుగుపెట్టేసరికి ఘాటు ముక్కుకు కొట్టింది. ఆడకూలీలు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. కల్లం చివర చింతచెట్టు కింద పత్తికట్టెతో పొయ్యి ముట్టించి ఎవరో టీకి నీళ్ళు పెడుతున్నారు. నేను లొకేటరు చూసుకుంటూ కాయల మధ్య తొక్కకుండా కాలు పెట్టడానికి తిప్పలు పడుతుంటే, కల్లం గలాయన భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందయ్యా ఆ నడక? కాయలు తొక్కినా తిడతా, పరదా చించినా తిడతా. చెప్పి తిడతన్నా."

"తొక్కనమ్మా. గాల్లోనే నడుస్తున్నా."

"నీకంటే ఆ రాయే నయం. ఒక్కచోట నిలబడి చించేది."

"ఏ రాయమ్మా?"

"అదే, ఆ పసుపురాయి. ఈడే గదా ఉండేది, పరదా నడిమధ్యలో." నాకు నాలుగడుగుల ముందు కాలివేలితో చూపించింది. "ఏడాదికో పరదా చించేది. పోయినేడు మా ఆయన పీకి ఆ కొసన పాతాడు. ఇప్పుడు హాయిగా ఉంది."

నాలుగడుగుల ముందు. నా చేతిలోని లొకేటరు, మొన సరిగ్గా నా పాదాల కింద ఉందని చూపిస్తోంది. కదులుతోంది కూడా.

భయం అనే మాటను అంతకుముందు నేను చాలా సార్లు, చాలా దుబారాగా వాడాను. అసలుది వచ్చినప్పుడు వాడటానికి మాట మిగల్లేదు. వాకీటాకీ నొక్కి "ఆపు" అందామని ఊపిరి పీల్చాను. పీల్చింది మిరపకాయల మీది గాలి. నోట్లోంచి దగ్గు వచ్చింది, మాట రాలేదు. కళ్ళనిండా నీళ్ళు. ఒక చేత్తో గుండె పట్టుకుని ఇంకో చెయ్యి ఊపుతున్నాను. దూరంగా మిషను మీద అతను నన్ను చూసి, ఘాటెక్కింది మన సారుకు అని నవ్వుతున్నాడు. కూలీలూ నవ్వుతున్నారు. కింద మొన తిరుగుతూనే ఉంది.

పరుగెత్తాను. కాయలు తొక్కాను, పరదా చించాను, ఆవిడ తిట్టింది. సగం దూరంలో కాలి చెప్పు తీసి మిషను మీదికి విసిరాను. అది ఇంజను మూతకు తగిలి ఠంగుమంది. పురోహితుల ఇంట్లో పుట్టి నేను గురి చూసి చేసిన పని ఆ ఒక్కటే. అతను బిత్తరపోయి మీట వదిలేశాడు.

"ఇంజను ఆపు," అన్నాను, ఈసారి మాట వచ్చింది. "వెనక్కి లాగకు. దేన్నీ ముట్టుకోకు. దిగు."

"ఏమైంది సార్?"

"రాయి అక్కడిది కాదు. పైపు కల్లం మధ్యలో ఉంది."

అతని మొహంలో నవ్వు ఎటు పోయిందో తెలియలేదు. ఒకవేళ మొన పైపుకు ఆనుకుని ఉంటే వెనక్కి లాగినా చీలుస్తుంది. ముందుకు పోయే వీల్లేదు, వెనక్కి రాకూడదు.

తర్వాత నేను పరుగెత్తింది పొయ్యి దగ్గరికి. మరుగుతున్న టీ నీళ్ళే తీసి మంట మీద గుమ్మరించాను. కల్లం గలావిడకు అప్పటికి ఓపిక పూర్తిగా పోయింది.

"నీకేమన్నా గాలి సోకిందా? తాగే నీళ్ళు తీసకపోయి పొయ్యిలో పోస్తావా!"

"అమ్మా, కింద గ్యాసు పైపుంది. మా ఇనుము దానికి తగిలిందేమో తెలియదు. అందర్నీ లేపండి. గాలి ఎటునుంచి వీస్తోందో అటు, దూరంగా పోండి. ఎవరూ నిప్పు వెలిగించొద్దు."

"గ్యాసా? మా ఇంటికి బండ అడిగితే నెల్రోజులైనా రాలా. మీరు కిందనించే తెచ్చారా?" అని ఒక కూలీ అమ్మాయి అంది. కొందరు నవ్వారు. నా మొహం చూసి ఆ అమ్మాయే నవ్వు ఆపేసి కొంగు నడుముకు దోపుకుని లేచింది. మిగతావాళ్ళూ లేచారు. చేతుల్లో కాయలు అలాగే పట్టుకుని పొలం గట్టు మీదుగా దూరంగా నడిచారు. మా మిషను దగ్గరి పనివాళ్ళు రోడ్డుకు రెండు పక్కలా ఎర్రగుడ్డలు పట్టుకుని నిలబడ్డారు. మిర్చి బస్తాల లారీలు, వాటి వెనక ఒక ఆర్టీసీ బస్సు ఆగిపోయాయి. బస్సులోంచి తలలు బయటికి వచ్చి తిట్టటం నాకు వినిపిస్తోంది. తిట్టండి, తిట్టగలిగినంత సేపూ తిట్టండి అనుకున్నాను.

దూరం పోయి గ్యాసాయనకు ఫోను చేశాను. ఆయన ఆ లైను చూసే స్టేషనుకు చెప్పానని, బయల్దేరానని, దారిలో ఉన్నానని అన్నాడు.

"ఇక్కడంతా మిరపఘాటండీ. గ్యాసు వాసన వచ్చినా మా ముక్కులకు తెలిసేలా లేదు," అన్నాను.

"ఈ పెద్ద లైన్లలో గ్యాసుకు వాసన కలపమండీ. ఘాటు లేకపోయినా మీకు తెలియదు. దూరంగా ఉండండి."

ఇక చెయ్యడానికి ఏమీ లేదు. ఎదురుచూడాలి. నల్లరేగడి నేల, వేసవి మొదలు, ఎక్కడ చూసినా నెర్రెలు. చెయ్యి దూరేంత నెర్రెలు. కిందినుంచి పైకి రావాలనుకున్నదానికి ఇన్ని దారులు. దూరంనుంచే ఒక్కొక్క నెర్రెనూ చూస్తున్నాను. ఒకదాని అంచున ఎండిన మిరప తొడిమ ఒకటి వణికింది. గాలికా? ఇంకెక్కడా ఏదీ కదలటం లేదు. అదొక్కటే వణుకుతోంది. మళ్ళీ ఆగింది. మళ్ళీ వణికింది. దాన్ని చూస్తుంటే మా ఆవిడ గుర్తొచ్చింది. పొద్దున బయల్దేరుతుంటే వచ్చేటప్పుడు మిరపకాయలు తెమ్మంది. రెండు కిలోలు చాలా అని కూడా నేను అడగలేదు.

అప్పుడు కల్లం గలాయన మోటారుసైకిలు మీద వచ్చాడు. నోట్లో బీడీ.

"బీడీ! బీడీ!" అని అరిచాను. గట్టు మీద కూలీలందరూ అరిచారు. ఆయన భార్య అరుపుకు బీడీ దానంతటదే రాలిపడింది. ఆయన దాన్ని తొక్కి, బండి ఆపి, అందరి మొహాలూ చూశాడు.

"ఆ రాయి పీకి పాతింది నువ్వే గదా? చెప్పు సారుకు," అందావిడ.

"పీకితే? పారేశానా?" అన్నాడాయన. "గవర్నమెంటోళ్ళ రాయి, పారేస్తే తప్పని, సిమెంటేసి గట్టిగా పాతా. ట్రాక్టరుకు తెచ్చిన పసుపు రంగు మిగిలితే, అక్షరాలు తప్పించి అది కూడా వేశా. చూసుకోండి, ఈ రోడ్డు మీద ఇంత శుభ్రంగా ఉన్న రాయి ఇంకోటుందేమో!"

"చెప్పా గదా ఆ రోజే, ఆ రాయి జోలికి పోవద్దని!"

"నువ్వే గదే, పరదా చిరిగింది చిరిగిందని నా చెవి చించింది!"

"చెవి చిరిగితే కుట్టుకోవచ్చు. ఇప్పుడు చూడు!"

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. పారేసి ఉంటే నాకు అక్కడ ఏ రాయీ కనబడేది కాదు. తుమ్మపొదల్లో జంట రాయిని చూసి, ఇవతలిదేమైందని ముందే అందర్నీ అడిగేవాణ్ణి. ఆయన మర్యాదగా పాతబట్టే మోసపోయాను. అంత మర్యాద మమ్మల్నందర్నీ పాతిపెట్టేదేమో.

గ్యాసాయన జీపు దూరంగా ఆపుకుని నడిచి వచ్చాడు. ఒక చేతిలో గ్యాసు పసిగట్టే మీటరు, భుజాన పైపును వెతికే పరికరం. మొదట మీటరు పట్టుకుని ఒక్కడే కల్లంలోకి పోయాడు. నెర్రెనెర్రెకూ వంగి చూశాడు. వణికిన తొడిమ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఆయన లేచి చెయ్యి ఊపాడు. పైకి ఏమీ రాలేదు. లోపల తగిలిందో లేదో మాత్రం తవ్వితేగాని తెలియదు.

పరికరంతో పైపును పట్టుకుని, సంచిలోంచి ముగ్గు తీసి కాయల మీదుగా తెల్లటి గీత పోశాడు. ఎర్రటి కల్లం నడిమధ్యన తెల్లగీత. ఆవిడ కాలివేలితో చూపించిన చోటే. రోడ్డు అవతలి రాయికి సూటిగా.

గునపం వద్దన్నాడు ఆయన. పారలతోనే, పైపైన గీకినట్టు తియ్యమన్నాడు. మిషను అతనూ నేనూ దిగాం. కల్లం గలాయన చొక్కా విప్పి మా వెనకే దిగాడు. వద్దన్నా వినలేదు. రేగడి రాయిలా ఉంది. మీటరు గుంటలోకి వేలాడదీసి గ్యాసాయన దాన్నే చూస్తున్నాడు. నేను ఆయన మొహాన్ని చూస్తున్నాను. మా నాన్నగారు నాకు పట్టుబట్టి నేర్పిన మంత్రాలు ఆ గుంటలో ఒక్కటీ గుర్తు రాలేదు. మొదటి అక్షరాలు వచ్చి ఆగిపోతున్నాయి.

నడుం లోతున పసుపు ప్లాస్టిక్ పట్టీ ఒకటి బయటపడింది. కింద పైపు ఉందని తవ్వేవాళ్ళకు తెలియటానికి పైపు వేసినప్పుడే పరిచే పట్టీ అది. కల్లం గలాయన పార పక్కన పెట్టేశాడు.

"ఇది కూడా మీదేనా సార్?" అన్నాడు చిన్నగా. "దీని మాట నాకు తెలియదు."

అక్కణ్ణించి చేతులతో తీశాం. మన్ను గోళ్ళలోకి పోతోంది. ముందు పైపు వీపు తగిలింది, నున్నగా, చల్లగా. అంత చల్లదనం నేనెప్పుడూ ముట్టుకోలేదు. తర్వాత దాని పక్కనుంచి మన్ను తోడుకుంటూ పోతుంటే మిషను అతని వేళ్ళు ఆగిపోయాయి. బురద పూసుకున్న మా మొన పైపుకేసి సూటిగా చూస్తోంది. రెంటికీ మధ్య జానెడు మన్ను మిగిలి ఉంది. గ్యాసాయన గుంటలోకి దిగి పైపు ఒళ్ళంతా చేత్తో తడిమాడు. గీత పడలేదన్నాడు. మిషను అతను గుంటలోనే కూలబడి రెండు చేతులూ మొహానికి కప్పుకున్నాడు. వాటికంటిన మన్ను సంగతి అతనికి గుర్తు లేదు.

మొనను చేత్తో విడదీసి, రాడ్లు మెల్లగా వెనక్కి లాక్కుని, గుంట మెత్తటి మన్నుతో పూడ్చేసరికి పొద్దు వాలింది. ఆగిన లారీలు, బస్సు ఎప్పుడో వెళ్ళిపోయాయి. కల్లం గలాయన ఎవరూ చెప్పకుండానే అవతలి చివరికి పోయి తన సిమెంటు తనే పగలగొట్టుకున్నాడు. రాయిని భుజాన వేసుకొచ్చి, గ్యాసాయన చూపించిన చోట నిలబెట్టాడు. చాకు తీసి, మంచి పరదాను తనే చీల్చి, రాయి చుట్టూ సర్దాడు. ఆయన భార్య వంగి, చీలిన అంచు రెండో పక్క పట్టుకుంది.

కూలీలు తిరిగి వచ్చారు. పొద్దుటినుంచి ఎవరి కడుపులోనూ టీ పడలేదు. ఆవిడ చింతచెట్టు కింద తడిసిన బూడిద ఊడ్చి, కొత్త పత్తికట్టె పేర్చి, గిన్నె పెట్టింది. అగ్గిపెట్టె తీసింది. గీయలేదు. అగ్గిపుల్ల పట్టుకుని నావైపు చూసింది.

"ఆయన చూశాడు కదమ్మా, మీటరు ఏం లేదంది కదా," అని గ్యాసాయన్ను చూపించాను.

"ఆయన్ని నేనడగలా. వద్దని నీళ్ళు పోసింది నువ్వు. నువ్వు సరేనంటేనే గీస్తా."

కూలీలంతా నన్నే చూస్తున్నారు. కల్లం గలాయన, మిషను అతను కూడా. అంతవరకూ నా భయం ఎవరికీ అక్కర్లేనిది. ఇప్పుడు అందరూ దానికోసం ఆగారు. గ్యాసాయన్ను ఇంకోసారి మీటరు తెమ్మన్నాను. ఆయన విసుక్కోలేదు. పొయ్యి చుట్టూ, రాళ్ళ సందుల్లో, పక్కనున్న నెర్రెల్లో చూసి తల ఊపాడు. ఇంకోసారి అన్నాను. మళ్ళీ చూశాడు.

నేను పోయి పొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాను. ఏదైనా అయితే వాళ్ళకంటే ముందు నాకు కావాలని అనుకున్నానో, నిలబడే శక్తి లేకనో, నాకు తెలియదు.

"గియ్యండమ్మా," అన్నాను.

ఆవిడ గీసింది. నేను కళ్ళు మూసుకున్నాను. పత్తికట్టె చిటపటమన్న చప్పుడు వినిపించింది, ఆ తర్వాత వెచ్చదనం మోకాళ్ళకు తగిలింది. ఎవరో దగ్గారు, ఎవరో గిన్నె మీద మూత పెట్టారు. నేను కళ్ళు తెరవటానికి ఇంకా చాలాసేపు పట్టింది.